ముదిమిలో ఒంటరితనం - మతి తప్పుట

దివ్య ఖురాన్‌లో రెండు చోట్ల, అన్నహ్ల్ సూరా 70వ ఆయతులోను, అల్‌హజ్ సూరా 5వ ఆయతులోను, 'అర్జలిల్ ఉముర్' అనే మాట వచ్చినది. ఆయుష్షులో అతి హీనమైన దశ అని దాని అర్థం. మానవులలో కొందరు ఆ దశ వరకు చేర్చబడతారనీ, అంతకు ముందు ఎంతో తెలిసినవారే ఆ పిమ్మట ఏమీ తెలియనివారుగా మారతారనీ ఆ ఆయతుల భావం. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తమ కుమారులకు ఒక దుఆను, ఉపాధ్యాయుడు పిల్లలకు వ్రాత నేర్పినట్లుగా నేర్పేవారని సహీహ్ బుఖారీలో ఉన్నది. పిరికితనం, ఆ హీన వయస్సుకు మరలించబడుట, ప్రపంచపు ఉపద్రవం, సమాధి శిక్ష - వీటి నుండి శరణు కోరే దుఆ అది. దైవప్రవక్త (స) నమాజు చివర ఈ మాటలతోనే శరణు కోరేవారని ఆయన తెలిపినారు.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటి కలదు. మతి తప్పుట అనేది పెద్దల చెవిలో మాత్రమే గుసగుసగా చెప్పుకొనే విషయంగా ఆ ఇంట్లో లేదు. పిల్లలకు అక్షరాలతో సమానంగా నేర్పబడినది. నేడు తెలుగునాట ముస్లిం మహల్లాలలో పరిస్థితి ఇందుకు భిన్నం. తాతగారు ఒకే మాట పదిసార్లు అడిగితే ఉర్దూ మాట్లాడే ఇంట 'సఠియా గయే' అంటారు, తెలుగు మాట్లాడే ఇంట 'చాదస్తం' అంటారు. అది మరికొంత ముదిరితే అతిథులు వచ్చిన వేళ ఆయనను లోపలి గదిలో కూర్చోబెడతారు. ఈ రెండవ పని మొదటి మాటకంటె ఎక్కువ హాని చేయునని గత పాతిక సంవత్సరాల వైద్య పరిశోధనలు సూచిస్తున్నవి.

హదీసు వేత్తలు గమనించిన ఇఖ్తిలాత్

ఆధునిక వైద్యుల మాట వినుటకు ముందు హదీసు వేత్తల మాట వినుట అవసరం. వృద్ధుల జ్ఞాపకశక్తి ఎప్పుడు, ఎట్లు సడలినదో పేరుపేరునా, సంవత్సరాలతో సహా వ్రాసి పెట్టిన శాస్త్రాలు లోకంలో బహు అరుదు. రిజాల్ శాస్త్రం అట్టి వాటిలో ఒకటి. విశ్వసనీయుడైన ఉల్లేఖకునికి చివరి వయస్సులో మతి కలగాపులగమైతే ఆ స్థితిని 'ఇఖ్తిలాత్' అన్నారు. ఇబ్నుస్సలాహ్ (మరణం హి. 643) తమ ప్రఖ్యాత ముఖద్దిమాలో 62వ ప్రకరణాన్ని దీనికే కేటాయించినారు. పిదప హలబ్ నగరానికి చెందిన సిబ్త్ ఇబ్నుల్ అజమీ (మరణం హి. 841) ఈ విషయం మీదనే ప్రత్యేక గ్రంథం రచించినారు.

వారి పద్ధతి కఠినమైనది, కాని న్యాయమైనది. కూఫాకు చెందిన అతా బిన్ అస్సాయిబ్ చివరి దశలో ఇఖ్తిలాత్‌కు లోనైనారు. అంత మాత్రాన ఆయన జీవితమంతా చెప్పినదానిని త్రోసివేయలేదు. సుఫ్యాన్ సౌరీ, షుఅబా వంటివారు ముందుగా విన్నారు గనుక వారు విన్నది స్వీకరించబడినది. తరువాత విన్నవారిది ప్రక్కన పెట్టబడినది. మనిషి గౌరవం అట్లే ఉన్నది, ఆయన గత పాండిత్యం అట్లే ఉన్నది. నిన్న చెప్పినదానికి నేటి మతిమరుపు మచ్చ కాలేదు.

కారణాలను కూడ వారు వెదకినారు. ఇబ్నుస్సలాహ్ కొందరి విషయంలో ముసలితనపు మతిభ్రంశాన్ని, మరి కొందరి విషయంలో చూపు పోవుటను పేర్కొన్నారు. యమన్ దేశపు అబ్దుర్రజ్జాఖ్ సన్ఆనీ (మరణం హి. 211) అంధులైన పిదప ఆయన వద్ద విన్నది బలహీనమని ఇమామ్ అహ్మద్ (రహ్మ) అభిప్రాయం. తమ పుస్తకాన్ని తాము చూచి సరిచూచుకొనే అవకాశం పోయినది గనుక ఎవరైనా ఏదైనా అందిస్తే దానిని ఔనన్న సందర్భాలు ఏర్పడినవి. ఇట్లు అందించుటకు 'తల్ఖీన్' అని పేరు. లేని హదీసును ఉన్నట్లుగా అందించి, వృద్ధుడు దానిని అంగీకరిస్తాడా, తిరస్కరిస్తాడా అని చూచుట ఆనాటి విద్యార్థుల పరీక్షలలో ఒకటి.

మస్ఊదీగా ప్రసిద్ధుడైన అబ్దుర్రహ్మాన్ బిన్ అబ్దుల్లాహ్ విషయంలో ఒక హృదయవిదారక వృత్తాంతం నమోదైనది. ఆయన కుమారుడు మరణించగా జనం పరామర్శకు వచ్చి కూర్చున్నారు. ఆ సమయంలోనే ఒక వ్యక్తి వచ్చి, మీ బానిస మీ ధనంలో పదివేలు తీసుకొని పారిపోయినాడని చెప్పినాడు. ఆయన ఉలికిపడి లేచి ఇంటిలోనికి వెళ్లినారు. తిరిగి వచ్చేసరికి మతి స్థిమితం తప్పి ఉన్నది. ఆ రోజు తనకు తెలియునని హాషిం బిన్ అల్‌ఖాసిం చెప్పినారు. ఒకే దెబ్బకు ఇంత జరుగునా అని వైద్యులు సందేహించవచ్చును. అప్పటికే లోలోపల సడలుచున్న మతి ఆ దుఃఖంతో బయటపడి ఉండవచ్చుననుట సమంజసం. ఈనాడు కూడ భార్య గతించిన నెలరోజులకు 'ఆయన అప్పటి నుండి ఇట్లయినారు' అని ఇంటివారు చెప్పుట వైద్యులు తరచుగా వినే మాటే.

వయస్సు ఒక్కటే కొలబద్ద అగునా? 80 ఏళ్లు నిండిన వ్యక్తి హదీసు బోధన మానుట మేలని రామహుర్ముజీ (మరణం సుమారు హి. 360) అన్నారు. హదీసు వేత్తలలో కొందరు దీనిని ఒప్పుకొనలేదు. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి), సహ్ల్ బిన్ సఅద్ (రజి) వంటి సహాబీలు ఆ వయస్సు దాటిన పిదప కూడ చక్కగా బోధించినారని చూపించినారు. వారి చుట్టూ నిత్యం విద్యార్థులు ఉండేవారు, ప్రశ్నలు అడిగేవారు, ఒకరు విన్నది మరొకరితో సరిపోల్చేవారు. ఈ విషయాన్ని వారు కారణంగా చెప్పలేదు గాని నేటి పరిశోధనను చదివినవారికి అది స్ఫురించక మానదు.

బస్రాకు చెందిన జరీర్ బిన్ హాజిం కథ మరొక విధమైనది. ఆయన మతి తప్పినప్పుడు ఆయన కుమారులు, వారు స్వయంగా హదీసు విద్యావంతులు, ఆ మార్పును పసిగట్టి ఆయనను మరుగుపరచినారు. అందువలన ఆ స్థితిలో ఆయన నోట ఎవరూ ఏమీ వినలేదు. అబ్దుర్రహ్మాన్ బిన్ మహ్దీ ఇది తెలిపినారు. హదీసు వేత్తలు ఈ పనిని మెచ్చుకొన్నారు. అయితే దీనిని ఆధారంగా తీసుకొని ముసలివారిని గదిలో మూసి పెట్టుట సరికాదు. ఆ కుమారులు కాపాడినది రెండింటిని: హదీసును పొరపాటు నుండి, తండ్రిని అపకీర్తి నుండి. బోధనా పీఠం నుండి దించుట వేరు, మనుషుల సాంగత్యం నుండి తప్పించుట వేరు. నేటి ఇళ్లలో తాతగారి వద్ద హదీసు వినుటకు ఎవరూ బారులు తీరి లేరు. ఆయనను మరుగుపరచుట వలన కాపాడబడేది ఇంటివారి పరువు మాత్రమే.

పరిశోధనలు చెప్పునది

వైద్యులు రెండు స్థితులను వేరు చేస్తారు. మనిషి వాస్తవంగా ఎవరితో కలవకుండా ఉండుట ఒకటి. నలుగురిలో ఉండి కూడ తాను ఒంటరిననే బాధ పడుట మరొకటి. మొదటిది లెక్కకు వచ్చేది - వారానికి ఎందరిని కలిసినారు, ఎందరితో మాటలాడినారు. రెండవది మనస్సుకు సంబంధించినది. పన్నెండు మంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో ఎవరూ పలకరించని దాదీ రెండవ స్థితిలో ఉండవచ్చును, క్రమంగా మొదటిదానిలోనికి కూడ జారవచ్చును. ఇంట్లో జనం ఉన్నారు గదా అనుకొనుట ఇక్కడ పెద్ద పొరపాటు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 1,203 మంది వృద్ధులను మూడు సంవత్సరాలు పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సాంఘిక సంబంధాలు కొరవడినవారిలో డిమెన్షియా ప్రమాదం 60 శాతం అధికంగా ఉన్నది. షికాగో నగరంలో 823 మంది మీద జరిగి 2007లో వెలువడిన పరిశోధన రెండవ స్థితిని, అనగా ఒంటరిననే భావనను కొలిచినది. ఆ భావన మిక్కుటంగా ఉన్నవారిలో అల్జీమర్స్ ప్రమాదం తక్కువగా ఉన్నవారికి రెట్టింపు ఉన్నది. అమెరికాలో ఐదు వేల మందిని తొమ్మిదేళ్లు అనుసరించి 2023లో ప్రకటించిన మరొక పరిశోధనలో ఈ అధిక ప్రమాదం 27 శాతమని తేలినది. ఈ అంకె చూచి నూటికి 27 మందికి జబ్బు వచ్చునని భ్రమపడరాదు. ఏకాకులలో నూటికి సుమారు 26 మందికి, ఇతరులలో నూటికి 20 మందికి కొంచెం తక్కువగా వ్యాధి వచ్చినది. వయస్సు, ఇతర జబ్బులు లెక్కలోనికి తీసుకొన్న పిదప మిగిలిన తేడా ఆ 27 శాతం.

ఇక్కడ బుద్ధిమంతుడైన పాఠకుడు ఒక ఆక్షేపణ లేవదీయవచ్చును. మతి సడలుట మొదలైనవాడే మాటలు తడబడి, పేర్లు మరచి, సిగ్గుతో జనానికి దూరమగును గదా; అప్పుడు ఏకాంతం కారణమా, ఫలితమా? ఆక్షేపణ సరియైనదే. వ్యాధి బీజం పడిన చాలా సంవత్సరాల తరువాతనే లక్షణాలు బయటపడతవి. అందుచేత ఎక్కువ కాలం అనుసరించిన పరిశోధనకే విలువ ఎక్కువ. లండన్‌లో ప్రభుత్వోద్యోగులపై 1985లో ప్రారంభమైన వైట్‌హాల్ పరిశోధన అట్టిది. 28 సంవత్సరాల సమాచారంతో 2019లో వెలువడిన దాని ఫలితం ఏమనగా, 60 ఏళ్ల వయస్సులో స్నేహితులను దాదాపు ప్రతిదినం కలిసినవారికి, కొన్ని నెలలకొకసారి కలిసినవారికంటె డిమెన్షియా ప్రమాదం 12 శాతం తక్కువ. బంధువులను కలియుటలో మాత్రం అట్టి లాభం స్పష్టంగా కానరాలేదు. అనగా కార్యకారణ సంబంధం రెండు దిక్కులా నడుచుచున్నది. ఒకటి మరొకదానిని పెంచుచున్నది.

స్నేహితుల వలన కలిగే మేలు బంధువుల వలన ఎందుకు కనబడలేదు? ఇంటివారు తెలిసిన మాటలే మాట్లాడతారు: మందు వేసుకొన్నారా, అన్నం తిన్నారా. స్నేహితునితో వాదించవలె, పాత సంగతి గుర్తు తెచ్చుకొనవలె, ఎదుటివాని మాట పూర్తి అగువరకు వేచి ఉండి జవాబు అమర్చుకొనవలె, అతని ముఖం చూచి అతని మనస్సు గ్రహించవలె. మెదడుకు ఇది పెద్ద వ్యాయామం. ఈ వ్యాయామం వలన మెదడులో ఒక విధమైన నిల్వబలం ఏర్పడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. షికాగోలో మరణానంతరం మెదళ్లను పరీక్షించి 2006లో ప్రకటించిన ఒక పరిశోధన దీనికి ఆసరా ఇచ్చుచున్నది. మెదడులో వ్యాధి చిహ్నాలు సమానంగానే ఉన్నను, బ్రతికి ఉండగా ఎక్కువమందితో సంబంధాలు గలవారి జ్ఞాపకశక్తి మెరుగుగా ఉండినది. సాంగత్యం వ్యాధిని తొలగించలేదు. వ్యాధి ఉన్నను మనిషి నిలిచి ఉండుటకు తోడ్పడినది. ఇది కాక, ఏకాకి సరిగా తినడు, నడవడు, నిద్ర చెడును, రక్తపోటు మందు మరచును. ఇవి కూడ మెదడును దెబ్బతీసేవే.

లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 14 కారణాలను నివారించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసులలో 45 శాతం వరకు తప్పించుట లేక వాయిదా వేయుట సాధ్యం కావచ్చును. అందులో వృద్ధాప్యపు ఏకాంతం వాటా సుమారు 5 శాతం. వినికిడి లోపం వాటా 7 శాతం. ఆ ఏడే కొత్తగా చేర్చిన రెండు కారణాలలో చూపు మందగించుట ఒకటి. అబ్దుర్రజ్జాఖ్ గాథ చదివినవారికి ఇది పరిచితమైన సంగతి వలె తోచవచ్చును, కాని హదీసు వేత్తలు చెప్పినది పుస్తకం చూడలేకపోవుటను గూర్చి మాత్రమే. రెండింటిని ఒకటిగా కలిపి, పూర్వులకు అంతా ముందే తెలుసునని చాటుట పాండిత్యం కాదు.

వినికిడి గూర్చి ఒక మాట. చెవి వినబడని వృద్ధుడు నలుగురిలో కూర్చుని కూడ ఏకాకియే. అమెరికాలో 70 నుండి 84 ఏళ్ల వయస్సు గల 977 మందిపై జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో, వినికిడి యంత్రాలు ఇచ్చుట వలన అందరిలో కలిపి చూస్తే తేడా కనబడలేదు. కాని వ్యాధి ప్రమాదం ముందే అధికంగా ఉన్న వర్గంలో మూడేళ్ల కాలంలో మతి క్షీణత 48 శాతం తగ్గినది. కళ్లజోడు పెట్టుకొనుటకు లేని నామోషీ చెవి యంత్రానికి ఎందుకో తెలియదు.

హైదరాబాదు చూపిన మార్గం

తెలుగు ముస్లింలకు నేరుగా సంబంధించిన పరిశోధన ఒకటి హైదరాబాదులోనే జరిగినది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ప్రకటించినది. ఒకే భాష తెలిసినవారికంటె రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారికి వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా కనబడినవి. చదువురానివారిలో కూడ ఇదే తీరు. అన్ని దేశాల పరిశోధనలు ఈ ఫలితాన్ని బలపరచలేదన్న మాట నిజమే. అయినను ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన వృద్ధునికి ఆ భాషలలో మాట్లాడే మనుషులే లేకుండా చేస్తే ఆ సంపద నిరుపయోగమగును. భాష మాట్లాడుటకే గాని ఊరికే తెలిసి ఉండుటకు కాదు.

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో ప్రచురింపబడిన దేశవ్యాప్త అంచనా తెలుపుచున్నది. పురుషులకంటె స్త్రీలలో, పట్టణాలకంటె పల్లెలలో ఇది ఎక్కువ. స్త్రీల విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. పురుషుడు ఎంత వృద్ధుడైనను రోజుకు ఐదుసార్లు మస్జిదుకు పోవుట, ప్రక్కవానితో సలాం చేయుట, జమాఅత్ ముగిసిన పిదప గట్టుమీద కాసేపు కూర్చొనుట అలవాటు. అతడు రెండు రోజులు కనబడకపోతే ముఅజ్జిన్ అడుగును. వితంతువైన నానీని అట్లు అడిగేవారు ఎవరు? ఈ దేశంలో చాలా మస్జిదులలో స్త్రీలకు చోటు లేదు. బంధువుల పెళ్లిళ్లు, చావులు తప్ప ఆమెకు బయటి సాంగత్యమే లేదు. మోకాళ్ల నొప్పులు మొదలైతే అదీ ఉండదు. మహల్లాలో వారానికొకసారి స్త్రీల ఖురాన్ పఠన సమావేశం జరిగే చోట్ల దానిని అటువంటి వృద్ధురాలి ఇంట్లోనే జరుపుట కష్టమైన పని కాదు. మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను తీసుకొని రాగా, పెద్దాయనను ఇంట్లోనే ఉండనివ్వవలసినది, మేమే వచ్చి ఉండేవారమన్న భావంతో దైవప్రవక్త (స) పలికినారని ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది.

కడప, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాదులలో కొడుకులు గల్ఫ్ దేశాలలో ఉన్న ఇళ్లు అనేకం. డబ్బు వచ్చును, మందులు వచ్చును, వీడియో కాల్ కూడ వచ్చును. అల్ ఇస్రా సూరా 23వ ఆయతులో తల్లిదండ్రులు 'నీ వద్ద' వృద్ధాప్యానికి చేరితే అన్న అర్థం గల మాటను జమఖ్షరీ (మరణం హి. 538) వివరిస్తూ, వారు కుమారుని ఇంటిలో, అతని సంరక్షణలో ఉండుట అన్నారు. సముద్రం అవతల ఉన్నవాడు ఏమి చేయవలె? అమెరికాలో 75 ఏళ్లు దాటిన 186 మంది ఏకాకులపై జరిగిన ప్రయోగం కొంత దారి చూపుచున్నది. శిక్షణ పొందినవారు వారానికి నాలుగుసార్లు, అరగంట చొప్పున వీడియోలో వారితో సంభాషించినారు. ఆరు నెలలకు, మతిమరుపు స్వల్పంగా మొదలై ఉన్నవారిలో, కేవలం వారానికొక చిన్న ఫోను పిలుపు అందుకొన్నవారికంటె పరీక్ష ఫలితాలు మెరుగుగా ఉన్నవి. ఇక్కడ కీలకం సంభాషణ. 'బాగున్నారా, డబ్బు అందినదా' అని రెండు నిమిషాలలో ముగించే కాల్ సంభాషణ కాదు. పాత ఫోటో చూపి, ఇది ఏ ఊరు, ప్రక్కనున్నవారెవరు అని అడిగి, జవాబు వచ్చువరకు ఓపిక పట్టుట సంభాషణ.

సిగ్గు, వైద్యం, షరీఅతు

ఖురాన్ చదివేవానికి మతి తప్పదను మాట సమాజంలో ప్రచారంలో ఉన్నది. పూర్వుల నుండి ఇట్టి ఉల్లేఖనం ఉన్న మాట వాస్తవమే; నిత్య పారాయణం మనస్సుకు బలమనుటలో సందేహం లేదు. కాని దీనిని తలక్రిందులు చేసి, మతి తప్పినవాడు ఖురాన్‌ను నిర్లక్ష్యం చేసినవాడని తీర్పు చెప్పుట అన్యాయం. ఇఖ్తిలాత్ గ్రంథాలలోని పేర్లు జీవితమంతా ఖురాన్, హదీసులలో గడిపినవారివి. ఈ అపోహ వలననే అనేక కుటుంబాలు తొలి దశలో వైద్యుని వద్దకు పోవు. పోతే ప్రయోజనం ఉన్నది. మతిమరుపుగా కనబడేవన్నీ డిమెన్షియా కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, మానసిక కుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం కూడ అట్లే కనబడతవి, వీటిలో చాలావరకు చికిత్సకు లొంగేవే.

వ్యాధి నిశ్చయమైన పిమ్మట ఆస్తి విషయం వచ్చును. అల్ బఖరా సూరా 282వ ఆయతు ప్రకారం, ఋణపత్రం చెప్పి వ్రాయించలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా వ్రాయించవలె. హనఫీ ధర్మశాస్త్రం బుద్ధి సడలినవానిని 'మఅతూహ్' అని, తెలివి మొదలైన బాలునితో సమానంగా లెక్కించును: అతడు చేసిన హిబా చెల్లదు, అతడు పలికిన తలాఖ్ చెల్లదు. లోపలి గదిలో ఉన్న తండ్రిని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు మాత్రం బయటికి తెచ్చి వేలిముద్ర వేయించే కుమారుడు ఈ నియమాన్ని చదువుకొనవలె.

ఆరాధనల విషయంలో షరీఅతు ఎంతో సౌలభ్యం ఇచ్చినది. హజ్రత్ అనస్ (రజి) బాగా వృద్ధులైన పిదప ఒకటి రెండు సంవత్సరాలు ఉపవాసాలకు బదులుగా దినమునకొక పేదకు రొట్టె, మాంసం పెట్టినారని బుఖారీలో ఉన్నది. బుద్ధి పూర్తిగా పోయినవానిపై నమాజు విధి కాదు. మధ్య స్థితిలో ఉన్నవాని సంగతి ఏమి - నమాజు చేయవలెనని తపన ఉన్నది, రకాతులు మాత్రం గుర్తుండవు? హనఫీ గ్రంథం దుర్రుల్ ముఖ్తార్‌లో హస్కఫీ (మరణం హి. 1088) దీనికి దగ్గరి ప్రశ్నను తీసుకొన్నారు. మగతలో రకాతుల, సజ్దాల లెక్క తప్పే రోగిపై ఆ స్థితిలో నమాజు నెరవేర్చుట విధి కాదన్నారు. అయితే మరొకరు ప్రక్కన ఉండి అందిస్తూ ఉండగా అతడు నెరవేరిస్తే ఆ నమాజు చెల్లవలెనని కూడ వ్రాసినారు. అట్లు అందించుటకు ఆయన వాడిన పదం కూడ తల్ఖీన్. ఉల్లేఖకుని విషయంలో ఏ తల్ఖీన్ వలన అతని మాట విలువ కోల్పోయినదో, నమాజులో ఆ తల్ఖీన్ వలననే వృద్ధుని ఆరాధన నిలబడుచున్నది. దానికి కావలసినది ఒక్కటే: ఇప్పుడు రుకూ, ఇప్పుడు సజ్దా అని మెల్లగా చెప్పుటకు ప్రతి నమాజు వేళ ఆయన ప్రక్కన కూర్చునే మనిషి. ఆ పనికి ఇంటిలో పదేళ్ల మనుమడు చాలును.